గాలి తిరిగే వేళ

విశాఖపట్నంలో ఎండాకాలం మధ్యాహ్నం ఇద్దరు ఎదురుపడితే ముందు వచ్చే మాట "గాలి తిరిగిందా?" అనే. పొద్దెక్కేకొద్దీ ఊరు ఉడికిపోతుంది. ఆకు కదలదు, చొక్కా వీపుకి అంటుకుపోతుంది. నేల బాగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచాక, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. ముందు వీధి చివర కొబ్బరిమట్టలు కదులుతాయి, తర్వాత డాబా మీద ఆరేసిన చీరలు, ఆ తర్వాత మనింటి కిటికీ తెర. అప్పటిదాకా చాప మీద అటూ ఇటూ దొర్లుతున్నవాళ్ళకి అప్పుడు నిద్ర పడుతుంది. కొన్ని రోజులు పడమటిగాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వదు. థర్మామీటరు నలభై దాటేది ఆ రోజుల్లోనే. ఆ సాయంత్రాలు ఎవరి ముఖంలోనూ కళ ఉండదు.

బడులకి సెలవులివ్వగానే ఊటీకో కొడైకెనాల్‌కో టిక్కెట్లు కొనేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. వెళ్ళిరానీండి, చల్లని చోటు ఎవరికి చేదు? అయితే ఏప్రిల్, మే నెలల్లో ఈ తీరం మీద జరిగే పనులు మిగతా ఏడాదంతా వెతికినా కనపడవు. అవి ఇంటికి కూతవేటు దూరంలో జరుగుతాయి, పైసా ఖర్చు ఉండదు. వాటిని చూడకుండానే పిల్లలు జూన్‌లో మళ్ళీ పుస్తకాల సంచీ ఎత్తుకుంటే నాకు నిజంగా దిగులేస్తుంది.

తాబేళ్ళనే తీసుకోండి. ఆలివ్ రిడ్లీ తల్లితాబేళ్ళు చలికాలం చివర్లో రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్విపారేయకుండా అటవీశాఖ వాళ్ళు వాటిని ఏరి, జోడుగుళ్ళపాలెం లాంటి చోట్ల కంచె కట్టిన ఇసుకలో మళ్ళీ పూడుస్తారు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున వాటిని నీళ్ళలోకి వదులుతారు. వదలడమంటే చేత్తో నీళ్ళలో వేసెయ్యరు, తడి ఇసుక మీద పెడతారు. అరచేతిలో పట్టే ఆ పిల్ల మెడ ఎత్తి, వెలుతురు ఎటుందో చూసుకుని, ముందురెక్కలతో ఇసుక తోసుకుంటూ పాకుతుంది. మొదటి అల దాన్ని వెనక్కి విసిరేస్తుంది, అయినా మళ్ళీ బయల్దేరుతుంది. రోడ్డు మీది దీపాల వెలుగు చూసి సముద్రం అటే ఉందనుకుని ఊరివైపు నడిచినవి బతకవు. ఈ సంగతి చెప్తే ఆరేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. ఒడ్డున లైట్లు ఎందుకు తగ్గించాలో ఇంకెవరూ బోధించక్కర్లేదు.

ఏప్రిల్ 15 వచ్చేసరికి చేపల రేవు మారిపోతుంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పుతీరంలో ఇంజను ఉన్న బోటేదీ వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనక వాటిని వదిలెయ్యాలని ఈ నిషేధం. బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి ఉంటాయి. కొన్నిటిని ఒడ్డుకి లాగి, అడుగున పట్టిన నత్తగుల్లలు గీకి, పగుళ్ళు పూడ్చి, కొత్త రంగు వేస్తారు. ఈ రెండు నెలలూ బోటు మీద కూలికెళ్ళే మనిషి ఇంట్లో చెయ్యి ఆడదు. ప్రభుత్వమిచ్చే భృతి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడటం, పడేదాకా కొట్లో అప్పు పెట్టడం ఆ వాడల్లో ఏటా ఉండేదే. రేవు చూడ్డానికి వెళ్ళే మనం ఆ మాట మనసులో పెట్టుకునే వెళ్ళాలి.

అప్పుడు జరిగే పని మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరదు. సరుగుడు చెట్ల నీడలో వల పరిచి మగవాళ్ళు బాసిపట్లేసుకు కూర్చుంటారు. తెగిన చోటుని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగిపడతారు. చేతిలో నైలాన్ దారం చుట్టిన పుల్ల ఉంటుంది. దారం ఒక కంట్లోంచి దూరి, మెలిక తిరిగి, బిగుసుకునేసరికి కొత్త కన్ను పుట్టుకొస్తుంది. రెప్ప వాల్చి తెరిచేలోగా ఇంకోటి. మా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు పెద్దవాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, కన్ను ఎంతుండాలో కొలవకుండా ఎలా తెలుస్తాది?"

"ఏలే కొలత, బాబూ. మా అయ్య ఏలు సూసి నేను నేర్సుకున్నాను. ఏదీ, నీ ఏలు ఇటియ్యి."

వాడి చూపుడువేలికి దారం చుట్టి ముడి వేయించాడాయన. అది వదులైపోయింది. విప్పి మళ్ళీ వేయించాడు. వలకి ఒక అంచున సీసం గుళ్ళు, రెండో అంచున తేలే బెండ్లు ఎందుకుంటాయో, కన్ను మరీ చిన్నదైతే ఏం నష్టమో ఆ గంటసేపట్లో వాడికి తెలిసిపోయింది. చిన్న కంట్లో పిల్లచేప కూడా చిక్కుకుంటుంది, వచ్చే ఏడాదికి చేప ఉండదు. పైసా ఫీజు లేకుండా ఇంత చెప్పే వేసవి శిక్షణ శిబిరం ఊళ్ళో ఎక్కడుంది?

ఇంజను లేని తెప్పలకి నిషేధం వర్తించదు. అందుకే ఆ రోజుల్లోనూ పొద్దున్నే ఒడ్డున పెద్దవల లాగడం చూడొచ్చు. తెప్ప మీద వలని అర్ధచంద్రంలా తిప్పి వేసి వస్తారు, రెండు కొసల తాళ్ళూ ఒడ్డునుంటాయి, రెండు వరసల మనుషులు అరుచుకుంటూ లాగుతారు. చూస్తూ నిలబడ్డవాళ్ళు కూడా ఓ చెయ్యి వెయ్యొచ్చు, ఎవరూ కాదనరు. కవళ్ళో నెత్తళ్ళో పడితే అక్కడే గంపలకెత్తుకుంటారు. లేకపోతే పచ్చి మామిడికాయ ముక్కలేసి వండిన ఎండు నెత్తళ్ళ పులుసు ఎలాగూ ఉంది. నన్నడిగితే మే నెలలో దాని ముందు పచ్చిచేప కూడా దిగదుడుపే.

ముంజలు తినడం చెప్పి నేర్పేది కాదు. లేతకాయ తలని కత్తితో కొట్టేస్తే మూడు కళ్ళు కనిపిస్తాయి. బొటనవేలు గుచ్చి పెకలించి నోట్లో పెట్టుకోవాలి, నీళ్ళు మోచేతిదాకా కారాలి. ప్లాస్టిక్ సంచిలో ఒలిచి కట్టినవి కొనుక్కొచ్చి ఫ్రిజ్‌లో పెడితే ఆ రుచి సగం పోతుంది. తినేసిన తాటిబుర్రలు రెండింటికి కర్ర గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి.

ఇక సముద్రస్నానం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎండలు మండే రోజుల్లో ఒక్కోసారి విశాఖ నీళ్ళలో కాలు పెడితే జివ్వుమంటుంది. తీరం వెంబడి నైరుతి నుంచి వీచే గాలికి పైనీరు లోపలికి జరిగి, అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. అమెరికా నుంచి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1950ల్లోనే దీన్ని ఇక్కడ పరిశీలించి రాశాడు. ఆ చల్లదనానికే పరీక్షలు అయిపోయిన కుర్రాళ్ళు గుంపులుగా వస్తారు. ఏటా కొందరు తిరిగి ఇంటికి వెళ్ళరు. ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్న తల్లిని ఒక్కసారి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోలేరు.

అలలు ఒడ్డుకి తెచ్చిన నీరంతా ఎటోకటు వెనక్కి పోవాలి. అది ఒకచోట సన్నటి పాయగా చేరి లోపలికి లాగుతుంది. ఆ పాయ దగ్గర అల విరగదు, నురగ తక్కువ, నీరు నున్నగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అదే నెమ్మదైన చోటనుకుని అక్కడే దిగుతారు. చిక్కుకున్నవాడు భయంతో ఒడ్డుకేసి ఎదురీదుతాడు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. అప్పుడు చెయ్యాల్సింది తేలుతూ ఊపిరి నిలుపుకోవడం, ఒడ్డు వెంబడి పక్కకి ఈదడం. పాయ వెడల్పు తక్కువే ఉంటుంది, దాటగానే అలలే ఒడ్డుకేసి తోస్తాయి. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డు వాలు ఎక్కువ, తొందరగా లోతొస్తుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో స్నానానికి హద్దులు గుర్తుపెట్టి, కాపలా మనుషుల్ని ఉంచారు. దిగేవాళ్ళు అక్కడే దిగండి, అదీ వాళ్ళు చూస్తుండగా. పిల్లలకి ఎక్కాలతోపాటు ఇదీ నేర్పాలని నేను కనిపించిన ప్రతి మాస్టారికీ చెబుతుంటాను.

నీళ్ళలోకి వెళ్ళని సాయంత్రాలకి భీమిలి రోడ్డుంది. తొట్లకొండ ఎక్కితే బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. గుక్కెడు నీళ్ళ విలువ తెలిసినవాళ్ళు తవ్వినవని మే నెలలో చూస్తే బాగా తెలుస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. పొద్దు వాలాక వెళ్ళండి, ఎండలో అక్కడ నిలబడలేం.

జూన్ రెండోవారం నుంచి రేవులో మళ్ళీ సందడి. బోట్లలోకి డీజిలు, బియ్యం, మంచినీళ్ళ డ్రమ్ములు ఎక్కిస్తారు. ఐసు దిమ్మలు పగలగొట్టి అడుగుగదుల్లోకి దింపుతారు. ఆడవాళ్ళు గంగమ్మకి పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు సిద్ధం చేస్తారు. గడువు దాటగానే బోట్లు ఒకదాని వెనక ఒకటి హార్బరు ముఖం దాటి పోతాయి. చూడాలనుకుంటే పిల్లల్ని ఆ రాత్రి త్వరగా పడుకోనివ్వకండి. బడి తెరిచిన మొదటి వారంలో ఒకపూట నిద్ర తక్కువైతే ఏ టీచరమ్మా ఏమీ అనదు.