బదనిక కాదు

మా కోడలికి మొక్కల పిచ్చి. రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఒక తీగమొక్కను తెచ్చి, హాల్లో కిటికీ పక్కన ఉట్టిలా వేలాడదీసింది. దళసరి ఆకులు, మైనం పూసినట్టు నున్నగా ఉన్నాయి. పేరు హోయా అట. ఇంగ్లండులో థామస్ హోయ్ అనే తోటమాలి ఉండేవాడట. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఆయన పేరే దీనికి పెట్టాడట. నీళ్ళు పోసినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కిందంటే నాకు ముచ్చటేసింది.

"అడవిలో ఇది చెట్లమీదే పెరుగుతుంది అత్తయ్యా" అంది.

"అంటే బదనికన్నమాట!" అన్నాను. మా ఊళ్ళో మామిడిచెట్టుకు బదనిక పడితే మా నాన్న కొమ్మతో సహా కొట్టించేసేవారు. అది గుర్తొచ్చి నాకే మనసు చివుక్కుమంది. మావారు పోయాక ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి కొడుకు పంచన చేరినదాన్ని. మరి నేనో?

ఊరికే కూర్చుని తినడమెందుకని ఆ మొక్క బాధ్యత నేనే మీద వేసుకున్నాను. పూటకో చెంబెడు నీళ్ళు. నెల తిరక్కుండా ఆకులు పచ్చబడి రాలిపోసాగాయి.

కోడలు కోప్పడలేదు. కుండీ దింపి చూపించింది. వేళ్ళు కుళ్ళాయి. దీని వేళ్ళకు గాలి ఆడాలట. కుళ్ళినవి తీసేసి, మట్టి తగ్గించి, కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి నాటింది. వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్ళు పొయ్యాలట. మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం ఉండాలి.

"బదనిక కొమ్మలోకి వేళ్ళు దించి పీల్చుకుంటుంది అత్తయ్యా. ఇది ఊరికే పట్టుకుంటుందంతే. వాననీళ్ళు, కొమ్మల సందుల్లో చేరిన ఆకుచెత్తా... దాని తిండి అదే చూసుకుంటుంది" అంది, మట్టి సర్దుతూ.

మొక్క సంగతే చెప్పిందో, నా సంగతే చెప్పిందో! నేను అడగలేదు.

ఈ వేసవిలో పూసింది. నక్షత్రాల్లాంటి చిన్నచిన్న పూలు గుత్తిగా, ఒక్కోదాని నడుమా కుంకుమబొట్టు. రాత్రయితే హాలంతా వాసనే. పూలు రాలాక బోడికాడ మిగిలింది. చూడ్డానికి బాగాలేదని కత్తెర తీశాను. కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి అత్తయ్యా. మళ్ళీ దానికే పూస్తుంది."

కత్తెర సొరుగులో పెట్టేశాను. పొద్దున్నే కుండీలో వేలు పెట్టి చూశాను. తడిగానే ఉంది. ఆ చెంబుడు నీళ్ళూ నేనే తాగి, కోడలికి కాఫీ కలపడానికి వెళ్ళాను.