సైకిల్ దారి... రోడ్డా? ట్రాకా?

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కిందికి సైకిళ్లు ఒక్కొక్కటిగా చేరుతుంటాయి. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు, బొజ్జ తగ్గించుకుందామని వచ్చిన నాన్నలు, స్నేహితురాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ తొక్కే అమ్మాయిలు... తిరునాళ్లలా ఉంటుంది.

ఇంతలో ఆ కప్పును ఆనుకునే ఉన్న సర్వీసు రోడ్డు మీద పది పదిహేను సైకిళ్ల గుంపు ఒకటి రివ్వున దూసుకుపోతుంది. వంగిన హ్యాండిళ్లు, పలచటి టైర్లు, రంగురంగుల బిగుతు దుస్తులు. చూసి తేరుకునేలోపే కనుమరుగు!

పక్కనే ఇంత చక్కటి దారి పెట్టుకుని వీళ్లు రోడ్డెందుకు ఎక్కారు? కార్లలో వెళ్లేవాళ్లకు వచ్చే మొదటి సందేహం అదే. కొందరు అద్దం దించి మరీ అడుగుతారు. ఎంత మర్యాదగా అడుగుతారన్నది ఆ పూట వాళ్ల ఓపికను బట్టి ఉంటుంది.

నీడలో సవారీ

ముందు ట్రాక్ సంగతి చూద్దాం. 2023 అక్టోబరు 1న దీన్ని ప్రారంభించారు. అప్పటికి మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, అంటే నగరవాసులు అప్పా జంక్షన్ అని పిలుచుకునే వైపు, ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఒక భాగం. నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర కిలోమీటర్లు రెండో భాగం. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు వరుసలు. పైన పరిచిన పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజియాన్, సేజాంగ్ నగరాల మధ్య హైవే నడుమన ఇలాంటి సోలార్ కప్పు సైకిల్ దారే ఉంది. మన దానికి స్ఫూర్తి అదే.

మే నెలలో హైదరాబాద్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ కప్పు విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. లారీ హారన్ వీపు మీద మోగదు. చిన్నపిల్ల సైకిల్ అటూ ఇటూ వంకర్లు పోయినా తల్లి గుండె దడదడలాడదు. అద్దె సైకిల్ తెచ్చుకుని, కడ్డీ సందులోంచి కాలు పెట్టి వీధిలో తొక్కడం నేర్చుకున్న తరానికి ఈ భోగం లేదు మరి.

అయినా ఆ గుంపు ట్రాక్ ఎక్కదు. ఎందుకంటే...

సెకనులో ఎనిమిది మీటర్లు

అసలు కారణం వేగం. రోడ్డు సైకిల్‌ను బాగా అలవాటున్నవాళ్లు గుంపుగా తొక్కితే గంటకు ముప్పై కిలోమీటర్లు మామూలే. అంటే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైమాటే. ముందు వెళ్తున్న ఏడేళ్ల పిల్లాడు గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. అమ్మ పిలిచిందని వాడు ఉన్నట్టుండి పక్కకు తిప్పాడనుకోండి. వెనకున్న మనిషి చూసి, బ్రేకు నొక్కాలని అనుకునేలోపే ఒక సెకను గడిచిపోతుంది, ఎనిమిది మీటర్లూ అయిపోతాయి. బ్రేకు పట్టేది ఆ తర్వాత! వేగం రెట్టింపైతే దెబ్బ తీవ్రత రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. నాలుగున్నర మీటర్లలో మూడు వరుసలంటే ఒక్కో వరుసకు మీటరున్నర. ఇందులో కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరు పక్కపక్కన వెళ్తే ఇక మిగిలేదెంత?

కాబట్టి వేగంగా తొక్కేవాళ్లు ట్రాక్ వదిలి రోడ్డెక్కితే అది పొగరనుకోనక్కర్లేదు. చాలాసార్లు ట్రాక్ మీదున్న పిల్లలకు వాళ్లు చేస్తున్న మేలది. ఖాళీగా ఉన్న ట్రాక్‌ను కూడా చిన్నచూపు చూసి వదిలేసేవాళ్లూ ఉంటారు. అది వేరే సంగతి!

రెండోది దూరం. దూర సవారీల్లో అతి చిన్నదే 200 కిలోమీటర్లు. దాన్ని పదమూడున్నర గంటల్లో ముగించాలి. 600 అయితే 40 గంటలు. దానికి సాధన చేసేవాళ్లు గండిపేట, చిలుకూరు, శంకర్‌పల్లి వైపు పోతారు. అటంతా ట్రాక్ లేదు, రోడ్డే గతి. ఔటర్ అసలు రహదారి 158 కిలోమీటర్లున్నా సైకిళ్లను దాని మీదికి రానివ్వరు. ఇక మిగిలింది సర్వీసు రోడ్డే.

సరే, రోడ్డెక్కినవాళ్లు అంచున పోవచ్చుగా అంటారు. మన రోడ్డు అంచును ఒకసారి దిగి చూడండి. ఇసుక, గాజుపెంకులు, తుమ్మముళ్లు, పగిలిన తారు... రోడ్డు మీది చెత్తంతా చేరేది అక్కడికే. పాతిక మిల్లీమీటర్ల టైరు దాని మీద ఎంతసేపు నిలుస్తుంది? ఆగి ఉన్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అందుకే కాస్త లోపలికి జరిగి తొక్కుతారు. వెనకొచ్చే డ్రైవరుకు అది దారి కాజేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ప్రాణం కాపాడుకోవడం.

తొంభై ఏళ్ల తగవు

ఈ తగవు మన దగ్గర పుట్టింది కాదు. 1934 డిసెంబరులో లండన్‌లోని వెస్ట్రన్ అవెన్యూ పక్కన బ్రిటన్ తొలి సైకిల్ ట్రాక్‌ను రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా ప్రారంభించారు. చప్పట్లు కొట్టాల్సిన సైకిలిస్టుల సంఘమే అడ్డం తిరిగింది. ఇవాళ ట్రాక్ ఇస్తారు, రేపు రోడ్డు మీద నుంచి పొమ్మంటారు అన్నది వాళ్ల భయం.

ఆ భయం ఉత్తిది కాదు. అదే 1934లో జర్మనీ, ట్రాక్ ఉన్నచోట సైకిలిస్టులు దాని మీదే పోవాలని నిబంధన పెట్టింది. అప్పటి ప్రభుత్వ ధ్యాస కార్ల మీద మరి. చాలా ఏళ్ల తర్వాత, 2010లో, లైప్జిగ్‌లోని అక్కడి ఫెడరల్ పాలనా న్యాయస్థానం దీనికి హద్దు గీసింది. ఆ రోడ్డు మీద మామూలును మించిన ప్రమాదం ఉంటే తప్ప సైకిలిస్టులను బలవంతంగా ట్రాక్ మీదికి నెట్టకూడదని తేల్చింది. బ్రిటన్‌లో ఇప్పటికీ సైకిల్ దారి వాడాలా వద్దా అన్నది తొక్కేవారి ఇష్టం. పైగా 2022లో మార్చిన అక్కడి రోడ్డు నియమావళి ప్రకారం, సైకిల్‌ను దాటే కారు కనీసం మీటరున్నర ఎడం పాటించాలి.

మరి నెదర్లాండ్స్? అక్కడ గుండ్రటి నీలం బోర్డు ఉంటే సైకిల్ ట్రాక్ మీదే వెళ్లాలి. అయినా పెద్దగా గొడవ పడరు. ఆ దారి బడికి పోతుంది, బజారుకు పోతుంది, రైల్వే స్టేషనుకూ పోతుంది. ఊరు దాటినా తెగదు. అలాంటి దారి ఇస్తే రోడ్డు మీద నాకేం పని అని ఎవరైనా అంటారు.

తెగిన దారిలో తొక్కమని శాసించడంలోనే ఉంది చిక్కంతా. మన ట్రాక్ దగ్గరే చూడండి. మెహిదీపట్నం నుంచో కూకట్‌పల్లి నుంచో రావాలంటే ముందు ఆ ట్రాఫిక్ దాటాలి. అందుకే చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. సైకిల్ తొక్కడానికి కారులో రావడమన్నమాట!

పాలక్యాన్ల సంగతి?

ఈ వాదనలో ఎప్పుడూ లెక్కలోకి రాని సైకిళ్లు కొన్నున్నాయి. కోకాపేట కొత్త భవనాల పనికి టిఫిన్ డబ్బా తగిలించుకుని వెళ్లే కూలీది. పాలక్యాన్లు వేసుకుని వచ్చేవారిది. పేపరు కుర్రాడిది. వాళ్లకిది ఆటవిడుపు కాదు, బతుకుతెరువు. ట్రాక్ వాళ్ల పని దగ్గరికి పోదు కాబట్టి రోడ్డు మీదే వెళ్తారు. హెల్మెట్ ఉండదు, వెనక లైటూ ఉండదు.

సైకిళ్లు ట్రాక్ మీదే ఉండాలన్న మాట రూలుగా మారితే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. లక్షల రూపాయల సైకిళ్లవాళ్లు ఆదివారం కాకపోతే మరో రోజు తొక్కుకుంటారు. కూరగాయలు, పాలు, పేపర్లు వేసేవాళ్లు మాత్రం పస్తుండాల్సి వస్తుంది.

అందుకని ట్రాక్ కావాలి. ఇంకా పెరగాలి, బస్సు దిగే చోటికీ, బడికీ రావాలి. పిల్లలతో వెళ్తే, కొత్తగా నేర్చుకుంటుంటే, తాపీగా తొక్కితే కళ్లు మూసుకుని ట్రాకే ఎంచుకోండి. ఇరవై అయిదు, ముప్పై వేగంతో పోయేవాళ్లు రోడ్డు మీదుంటేనే అందరికీ క్షేమం. అయితే ఇద్దరికి మించి పక్కపక్కన పోకూడదు. కారువాళ్లు ఓ అర నిమిషం ఆగి, ఎడం ఇచ్చి దాటితే కొంపలేం మునగవు.

ఈ ఆదివారం వెళ్లిరావాలనుందా? ఏడు లోపే చేరండి, ఆ తర్వాత సందడి పెరుగుతుంది. నీళ్ల సీసా, పిల్లలకు హెల్మెట్ మర్చిపోవద్దు. వెనక ఎర్రలైటు మాత్రం తప్పనిసరి. కప్పు కింద తొక్కేదానికి లైటెందుకంటారా? ఇంటి నుంచి అక్కడిదాకా రావాలి కదా!