ఏడు గంటల అరుగు

2013 అక్టోబరు 12 రాత్రి పైలీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురంలో మా వీధిలో చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. దసరా రోజులు. పండుగ మాట అటుంచి, మోటార్లు ఆడక నీళ్ళకే కటకట. నుయ్యి ఉన్న ఇంటివారు తలుపు తీసే ఉంచారు.

చీకటి పడగానే అందరం వాళ్ళ అరుగు మీద చేరేవాళ్ళం. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు అన్న తేడా లేదు. బ్యాంకులో అలసి వచ్చిన నాకు అక్కడ కూర్చుంటే గుండె తేలికపడేది.

కరెంటు వచ్చింది. టీవీలు మోగాయి, తలుపులు మూసుకున్నాయి. మర్నాడు ఒంటరిగా ఉండే ఎదురింటి మామ్మగారు, "కరెంటు వచ్చేసింది కదా నాయనా, ఇంక ఎవరూ అరుగు మీదికి రారా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు.

ఆ శనివారం ఏడు గంటలకు నేనే చాప పరిచాను. వచ్చింది ముగ్గురే. రికరింగ్ డిపాజిట్ కట్టేవాళ్ళకు చెప్పే మాటే నాకూ చెప్పుకున్నాను: మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, వాయిదా తప్పకూడదు. క్రమంగా అరుగు నిండింది.

2020లో కరోనా వచ్చి అరుగు ఖాళీ అయింది. అయినా శనివారం ఏడింటికి ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడి పలకరించుకున్నాం. మామ్మగారి బి.పి. మాత్రలు అయిపోయాయని మాకు తెలిసింది అలాగే.

సంతోషం కూడా ఒక అలవాటేనని నాకు అర్థమైంది అప్పుడే. మీ వీధిలోనూ ఒక అరుగు ఉండే ఉంటుంది. వచ్చే శనివారం ఒకసారి కూర్చుని చూడండి.