పద్దెనిమిది పార్లు

1987 జులైలో స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో, ఓపెన్ చాంపియన్‌షిప్ చివరి రోజున నిక్ ఫాల్డో ఏ అద్భుతమూ చెయ్యలేదు. పద్దెనిమిది హోల్స్, పద్దెనిమిది పార్లు. ఏ హోల్‌కి ఎన్ని షాట్లని లెక్క కట్టి ఉందో అన్నే ఆడాడు, ఒకటి తగ్గలేదు, ఒకటి పెరగలేదు. ముందంజలో ఉన్న అమెరికన్ పాల్ ఎజింగర్ ఆఖరి రెండు హోల్స్‌లోనూ ఒక్కో షాట్ పారేసుకున్నాడు. ఫాల్డో ఒక్క షాట్ తేడాతో గెలిచాడు. అంతకు ముందురోజే అతనికి ముప్ఫై నిండాయి.

చప్పటి గెలుపు అనిపిస్తుంది. కానీ దాని వెనక ఉన్న రెండేళ్ళ సంగతి తెలిశాక ఆ చప్పదనమే నాకు రుచించడం మొదలైంది. 1983లో యూరోపియన్ టూర్‌లో ఐదు టోర్నీలు గెలిచి అగ్రస్థానంలో నిలిచినవాడు ఫాల్డో. అలాంటివాడు, ఒత్తిడి పెరిగితే తన స్వింగ్ నిలబడదని తనే తేల్చుకుని, డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గరికి వెళ్ళి, ఉన్న స్వింగ్‌ని విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. 1985లోనూ, 86లోనూ ఒక్క టోర్నీ గెలవలేదు. కచేరీలు చేస్తున్న విద్వాంసుడు ఉన్నట్టుండి సరళీ స్వరాల దగ్గర మళ్ళీ కూర్చుంటే సభవాళ్ళు ఏమంటారో ఊహించుకోండి.

గంటల తరబడి బంతులు కొట్టడం అంత కష్టమేం కాదనుకుంటాను. బాగుపడటానికి ముందు చెడిపోవాలి, అదీ నలుగురి కళ్ళముందు. అసలు కష్టం అక్కడుంది. పైగా ఇది గోల్ఫ్. క్రికెట్‌లో అయితే బౌలర్ మీదో పిచ్ మీదో నెపం వెయ్యొచ్చు. ఇక్కడ బంతి కదలకుండా ఎదురుగా కూర్చుని ఉంటుంది. స్వింగ్ మొత్తం ఒకటి రెండు సెకన్ల పని, మధ్యలో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. కొత్త కదలిక ఒంటికి ఎంతకీ సరిపడినట్టనిపించదు, పాతదేమో పిలవకుండానే వచ్చేస్తుంది.

మా నగరంలోని ఒక ప్రాక్టీసు రేంజిలో కాసేపు కూర్చుంటే ఇదంతా కనిపిస్తుంది. కుర్రాళ్ళు బకెట్ బంతులు తీసుకుని, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్ పట్టి, ఆ ఠంగుమనే చప్పుడు కోసం పావుగంటలో ఖాళీ చేసేస్తారు. ఓ మూల రిటైరైన పెద్దాయన ఒకరు నేలమీద ఓ క్లబ్బును లక్ష్యానికి సూటిగా పడుకోబెట్టి, పాదాలు దానికి సమంగా సర్దుకుని, ఒక బంతి కొట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి అది పడిన చోటు చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, అప్పుడు ఇంకో బంతి ముందుకు లాక్కుంటారు.

“ఏంటి సార్, ఇంకా ఆ సెవెన్ ఐరనేనా?” అన్నాడు బంతులు ఏరే అబ్బాయి.

“దసరా దాకా ఇదే బాబూ. డ్రైవర్ సంగతి ఆ తర్వాత.”

ఈ దసరా లెక్కను ఇంకా దూరం తీసుకెళ్ళినవాడు డాన్ మెక్‌లాఫ్లిన్. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫొటోగ్రాఫర్. గోల్ఫ్ తెలియనివాడు 2010లో ఉద్యోగం మానేసి, పదివేల గంటల సాధనతో ప్రొఫెషనల్ స్థాయికి చేరాలని పూనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాడంటే, గుంట పక్కన. నెలల తరబడి చేతిలో బంతిని గుంటలోకి దొర్లించే పటర్ ఒక్కటే. అక్కడినుంచి మెల్లగా వెనక్కి జరుగుతూ, ఒక్కొక్క క్లబ్బే కలుపుకుంటూ పోయాడు. కొంత పిచ్చి ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఆ వరస నాకు చాలా నచ్చింది. చప్పుడు చేసే క్లబ్బు అన్నిటికంటే చివర వస్తుంది.

పదివేలు పూర్తికాలేదు. ఆరువేల గంటలు దాటీదాటకముందే నడుము మొరాయించి ఆట ఆగిపోయింది. అంత పకడ్బందీ పథకంలోనూ నడుముకి పద్దు లేదు. అప్పటికి అతని హ్యాండీక్యాప్, అంటే పార్‌కంటే సుమారుగా ఎన్ని షాట్లు ఎక్కువ పడతాయో చెప్పే అంకె, మూడు లోపుకి దిగింది. ఓడిపోయాడు పాపం అంటారు కొందరు. ఆ మాట అనేవాళ్ళ హ్యాండీక్యాప్ ఎంతో ఒకసారి అడగాలనిపిస్తుంది నాకు.