చార్మినార్ రూపాయి తూకం

నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి. హైదరాబాదీలు కల్దార్ అని పిలిచిన బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు తూగేది, వెండి 91.67 పాళ్లు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అన్నది బజారు లెక్క. సర్కారు దస్తావేజుల్లో అయితే నూరు కల్దార్లకు రూ. 116-10-8 (రూపాయలు-అణాలు-పైలు) హాలీ. ఈ నాణేలను ఇవాళ ఎవరైనా త్రాసులో వేసి లెక్క కట్టుకోవచ్చు. ఏడు హాలీల్లో ఉన్న మేలిమి వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలోనూ 64 గ్రాములే. రెండు రాజ్యాల మధ్య మారకానికి లోహమే పూచీగా నిలబడిందన్నమాట.

పెళ్లి చదివింపుల్లో నూట పదహార్ల ఆనవాయితీ ఈ మారకంలోంచే పుట్టిందని తెలంగాణలో చాలామంది చెబుతారు. వినడానికి ముచ్చటైన కథే. కానీ నిజాం ఏలుబడి బయట, గోదావరి జిల్లాల్లోనూ అదే అంకె నడిచింది కనుక ఖాయం చేసి చెప్పడం కష్టం.

ఆ తూకం 1940లో చెదిరింది. యుద్ధంలో ఫ్రాన్స్ పడిపోయిందన్న వార్తతో జనానికి కాగితం మీద నమ్మకం సడలింది. నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తెచ్చుకుని ఇళ్లలో దాచుకోసాగారు. బ్రిటిష్ ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి దించేసింది. సగం వెండి, 40 పాళ్లు రాగి, నికెల్ ఐదు, జింకు ఐదు. బయటికి రూపాయి రూపాయిలాగే ఉంది, లోపలి వెండి మాత్రం 10.69 గ్రాముల నుంచి 5.83 గ్రాములకు పడిపోయింది. పాత మంచి వెండి నాణేలను వరసగా వెనక్కి పిలిచారు: విక్టోరియా రూపాయి 1941 మార్చి దాకా, ఎడ్వర్డ్ రూపాయి 1942 మే దాకా, జార్జి రాజుల పాత రూపాయలు 1943 ఏప్రిల్ దాకా చెల్లాయి. అప్పటికే ముద్రించి ఉన్న పాత హాలీ రూపాయిలో 9.14 గ్రాముల వెండి ఉంది. తక్కువ విలువదని పేరుపడ్డ చార్మినార్ బొమ్మ నాణెం, లోహం లెక్కన కొత్త కల్దార్‌ను ఎంతో దూరం వెనక్కి నెట్టేసింది.

యుద్ధకాలంలో నాణేల కొరత తీర్చుకోవడానికి భారతదేశం అమెరికా నుంచి సుమారు 22.6 కోట్ల ఔన్సుల వెండి అప్పు తెచ్చుకుంది. డాలర్లలో తీరే అప్పు కాదు, వెండికి వెండే చెల్లించాలి. స్వతంత్ర భారతదేశం ఆ బాకీ తీర్చడానికి కలకత్తాలోని అలీపూర్‌లో వెండి శుద్ధి కర్మాగారం పెట్టింది. చెలామణిలోంచి తీసిన సగం వెండి నాణేలను అక్కడ కరిగించి, రాగిని, నికెల్‌ను వేరుచేసి, వెండిని ఓడలకెక్కించింది. 1957 నాటికి అప్పు తీరింది. జార్జి బొమ్మ రూపాయి ఒకటి ఈనాడు చేతికందిందంటే, అది ఆ కొలిమిని తప్పించుకుని వచ్చిందే.

ఇదంతా గడిచిపోయిన చరిత్ర అనుకోవద్దు. వెండి కొనేవాడి డబ్బు ఈ సంవత్సరాల మీదే ఆధారపడి ఉంది. ఆరో జార్జి బొమ్మ ఉన్న రెండు రూపాయలు ఒకేలా మెరుస్తాయి. ఒకదాని మీద 1938 అని ఉంటే, సగం వెండి నాణెం కంటే దాంట్లో వెండి దాదాపు రెట్టింపు. ఇక 1947 అని ఉండి వెనక పులి కనిపిస్తే అది అచ్చమైన నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. సంవత్సరం చూడకుండా ధర మాట్లాడటం మొదలుపెడితే నష్టం అక్కడే మొదలవుతుంది.

ఆ సగం వెండి మిశ్రమం మన కాలానికీ నడిచి వచ్చింది. ఎన్.టి.రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన వంద రూపాయల నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైంది. 35 గ్రాముల బరువు, పాళ్లు మాత్రం 1940 నాటివే. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. విడుదలనాటి ధర ప్రకారం ఆ వెండి విలువ పదమూడు వందల చుట్టుపక్కల, నాణెం అమ్మకపు ధర నాలుగు వేల పైచిలుకు. అభిమానులు బారులు తీరి కొన్నారు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు, వాళ్లు కొన్నది రామారావును. అదే నాణేన్ని వెండి పెట్టుబడి అనుకుని కొన్నవాళ్లకు మాత్రం ఎవరో ఒకరు ఈ లెక్క చెప్పి ఉండాల్సింది.

పెట్టుబడే కావాలనుకునేవాళ్లకు దారి వేరు, చప్పగా ఉండే దారి. 999 ముద్ర ఉన్న కడ్డీ, బిల్లు, మూడు శాతం జీఎస్టీ, తక్కువ మజూరీ. దేవుడి బొమ్మ ఉన్న పది గ్రాముల బిళ్ల మీద మజూరీ గ్రాము లెక్కన చూస్తే కిలో కడ్డీ కంటే చాలా ఎక్కువ పడుతుంది, తిరిగి అమ్మేటప్పుడు అందులో పైసా రాదు. దాచుకోవడం బరువనుకుంటే 2022 జనవరి నుంచి సిల్వర్ ఈటీఎఫ్‌లు ఉన్నాయి.

వెండి ధర మాత్రం బంగారంలా నెమ్మదస్తురాలు కాదు. అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగేస్తూ పోతే 1980 జనవరిలో ఔన్సు దాదాపు 50 డాలర్లు తాకింది. ఆ మార్చి 27న ఒక్క రోజులో కుప్పకూలింది. మళ్లీ ఆ ఎత్తు దగ్గరికి రావడానికి 2011 దాకా పట్టింది, దాన్ని దాటడానికి 2025 అక్టోబరు దాకా. శిఖరం మీద కొన్న మనిషి ఒక తరం పాటు ఎదురుచూశాడు. పిల్ల పెళ్లికని, చదువుకని దాచే డబ్బును ఇలాంటి లోహంలో మొత్తంగా పెట్టమని ఎవరైనా ఉత్సాహపరిస్తే ఆ మాట వినకపోవడమే మంచిది.

ధర ఎగసినప్పుడల్లా నష్టపోయేది పాత నాణెం. 2025 అక్టోబరులో కిలో లక్షన్నర దాటినప్పుడు ఒక హాలీ రూపాయిలోని వెండే పదమూడు వందల పైన పలికింది. మామూలు రకం నాణేనికి సేకరణదారు ఇచ్చే ధర, మూసలో వేసేవాడు ఇచ్చే ధర దగ్గరపడినప్పుడు నాణేనికి కాపలా ఉండదు. అందుకే కరగడానికి ఇచ్చేముందు ఒక్కసారి భూతద్దం పట్టి చార్మినార్ కమాను లోపలికి చూడాలి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ తొలి నాణేల్లో ఐన్ కురచగా ఉంటుంది, తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. ఇంత చిన్న తేడా మీదే సేకరణలు నిలుస్తాయి.

1911 నాటి అయిదో జార్జి రూపాయి సంగతీ అంతే. రాజు అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించింది. గొడవ రేగేసరికి నాణేలు వెనక్కి తీసుకుని, 1912లో తొండం సవరించి మళ్లీ ముద్రించారు. జనం చేతుల్లో మిగిలిపోయిన 1911 నాణేల కోసం ఇప్పటికీ వెతుకులాటే.

ఇలాంటివాటిని ఇంట్లో చేతులారా పాడుచేసేది చింతపండు. పండక్కి పూజ సామానుతో పాటు పాత రూపాయలనూ తోమేస్తారు. వందేళ్లుగా పట్టిన నల్లటి పొర పోతే దానితో పాటే సన్నని చెక్కడపు గీతలూ అరుగుతాయి, కొనేవాడు ధర తగ్గిస్తాడు. నాణెం అంచులు పట్టుకుని, మెత్తటి కాగితం పొట్లంలో పెట్టి ఉంచడమే దానికి చేయదగిన సేవ. అయితే పాతవని చెప్పే ప్రతి నాణెమూ ఈ సేవకు తగినది కాదు: 1818 సంవత్సరం వేసి, సీతారాముల బొమ్మతో ఈస్టిండియా కంపెనీ నాణేలంటూ లక్షలు చెప్పేవి కంపెనీ ముద్రించినవి కావు.

లంబాడీ తండాల్లో, పల్లెల్లో ముసలమ్మల మెడల్లో వెండి రూపాయల దండలు ఉండేవి. అలా కొక్కెం అతికించిన నాణేన్ని కేటలాగులు దెబ్బతిన్నదిగా లెక్కకడతాయి. ధర విషయంలో వాళ్లది న్యాయమే. కానీ ఆ కొక్కేన్ని చెరిపేసి నాణేన్ని కొత్తగా చూపించే ప్రయత్నం మాత్రం అన్యాయం. ఏ ఊరిది, ఎవరు వేసుకున్నారు, ఏ పెళ్లికి పెట్టారు అన్నవి ఇంట్లో పెద్దలున్నప్పుడే అడిగి ఒక చీటీ మీద రాసి నాణేలతో పాటు దాచాలి. టంకశాల దస్తరాల్లో ఆ వివరం దొరకదు.