డోర్డోన్ లోయలో మా కాలినడక

కాలినడకను తీర్థయాత్రలు చేయుట మన పెద్దలకు క్రొత్తగాదు. కాని దేవుడును లేక, పుణ్యతీర్థమును లేక, కేవలము చూచుటకై కొండలెక్కి దిగుట యనిన మా అమ్మగారు నవ్వియుండెడివారు. నేనును మొదట నవ్వితిని. పిమ్మట అరువదిరెండవయేట ఆ పనియే చేసితిని. ఆ రెండుదినముల ముచ్చట మీతో చెప్పుకొనవలెనని యున్నది.

మా అమ్మాయియు అల్లుడును ఫ్రాంసు దేశమున తూలూజు నగరమున కాపురముందురు. అల్లుడు విమానములు నిర్మించు కర్మాగారమున ఇంజనీరు. మావారు గతించిన పిదప పిల్లలు నన్ను తమయొద్దకు రప్పించుకొనిరి. రాజమహేంద్రవరమున గోదావరికి చేరువనున్న మా యిల్లు తాళము వేసియున్నది. దాని నమ్మివేసి, శాశ్వతముగ తమయొద్దనే యుండుమని వారి కోరిక. అమ్మకమునకు వలసిన అధికారపత్రము వ్రాయించి నా చేతికిచ్చిరి. నా సంతకము మాత్రమే తక్కువ. "నాలుగునాళ్లు ఆలోచించుకొననిండు" అంటిని. "ఇంటిలో కూర్చుండి యేల? నడచుచు ఆలోచించుకొందువు గాని రమ్ము" అని అమ్మాయి నన్ను బయలుదేరదీసెను. ఆ కాగితమును చేతిసంచిలో పెట్టుకొనియే పోయితిని.

డోర్డోన్ నది ఫ్రాంసు నడుమనున్న పర్వతములలో పుట్టి, పడమరగ సుమారు 480 కిలోమీటర్లు ప్రవహించి, బోర్డో నగరమునకు దిగువను గరోన్ నదితో కూడి సముద్రముం జేరును. గోదావరిని చూచిన కన్నులకిది పెద్దకాలువవలె తోచును. కాని దాని నీటి నైర్మల్యము చెప్పనలవిగాదు. అడుగుననున్న గులకరాళ్లను లెక్కింపవచ్చును. ఇరుగట్లను పసుపువన్నె సున్నపురాతి కొండలు, వాని నెత్తిని కోటలు, పాదములవద్ద పల్లెలు, నడుమ అక్రోటుచెట్ల తోపులు. ఈ నదీపరీవాహకప్రదేశమునంతయు 2012వ సంవత్సరమున యునెస్కోవారు జీవావరణ రక్షితప్రాంతముగ గుర్తించిరి.

మొదటిదినము దోమ్ అను కోటయూరినుండి బయలుదేరితిమి. దీనిని 1281వ సంవత్సరమున మూడవ ఫిలిప్పు రాజు కొండకొమ్మున కట్టించెను. నేటికిని ప్రాకారమును, మూడు ద్వారములును నిలిచియున్నవి. అందొక ద్వారపు బురుజులలో 1307వ సంవత్సరము మొదలు కొన్నియేండ్లు టెంప్లారులను సన్న్యాసియోధులను చెరపెట్టిరని చెప్పుదురు. గోడలపై వారు చెక్కిరన్న శిలువలను, బొమ్మలను చూపుదురు. ఊరినడుమ సంతచావడి క్రింద పెద్దగుహ కలదు. యుద్ధకాలమున ఊరివారు పిల్లలతో అందు తలదాచుకొనెడివారట. పైన కూరగాయల బేరము, క్రింద ప్రాణభయము. ఆ గుహలో పిల్లలను ఊరుకోబెట్టుటకు తల్లులెన్ని అగచాట్లు పడిరోయని నాకు తోచినది.

బాట తప్పకుండ చెట్లపై, రాళ్లపై తెలుపు ఎరుపు చారలు పూసియుందురు. ఆ గుర్తులను పట్టుకొని కొండదిగి, వంతెనదాటి, ఆవలియొడ్డున లారోక్ గజాక్ అను పల్లె చేరితిమి. ఈ పల్లె నిట్టనిలువు కొండగోడ కానుకొని, నదిని చూచుచు దక్షిణముఖముగ నున్నది. కొండ యెండను పీల్చుకొని వెచ్చదనము నిచ్చుటచేత, అంతటి చలిదేశమునను అచట తాళజాతి చెట్లును, అరటిచెట్లును పెరుగుచున్నవి. గుడియొద్ద అరటియాకును చూచి నేను పుట్టింటివారిని చూచినట్లు నిలిచిపోయితిని. అమ్మాయి నవ్వెను.

కాని ఆ కొండ అన్నమును పెట్టును, ప్రాణమును తీయును. 1957వ సంవత్సరమున పైనుండి బండలు విరిగిపడి కొన్ని యిండ్లు నేలమట్టమైనవి, ముగ్గురు మరణించిరి. అయినను ఊరివారు అచటనే మరల కట్టుకొనిరి. "ఇంత అపాయమని తెలిసియు వీరేల విడిచిపోలేదు?" అని అమ్మాయి అడిగెను. "గోదావరి వరదలు చూచి మనవారు విడిచిపోయిరా తల్లీ?" అంటిని. ఆమె మారుపలుకలేదు. మూటవిప్పి, నదియొడ్డున పులిహోర తింటిమి.

నాటి నడక సుమారు 12 కిలోమీటర్లు. సాయంకాలమునకు బేనాక్ చేరితిమి. మోకాళ్లు నొచ్చినమాట నిజమే. నాతోటివయసు వారికొక మాట చెప్పెదను: క్రొత్తజోడు తొడిగికొని పోవలదు, పదునైదు దినములముందే ఇంటిచుట్టు నడచి అలవాటు చేసికొనుడు. దిగుడున చేతికఱ్ఱ యున్న ఎంతయో మేలు.

బేనాక్ కోట నది కుడియొడ్డున మహోన్నతమైన బండమీద నున్నది. ఎదుట ఎడమయొడ్డున కాస్తెల్నో కోట. 1337 మొదలు 1453 వరకు ఫ్రెంచివారికి ఆంగ్లేయులకు జరిగిన పోరును నూరేండ్ల యుద్ధమందురు. మన కొండవీడున రెడ్డిరాజులు ఏలిన కాలమది. అప్పుడు బేనాక్ పెక్కుకాలము ఫ్రెంచివారి పక్షమునను, కాస్తెల్నో ఆంగ్లేయుల పక్షమునను ఉండెడివి. నడుమ నదియే పొలిమేర. ఒకే రేవునీరు త్రాగువారు ఒకరినొకరు శత్రువులుగ చూచుకొనిరి. 1442వ సంవత్సరమున ఫ్రెంచిరాజు కాస్తెల్నోను ముట్టడించి తీసికొనెను.

రెండవదినము ఉదయమున నదిదాటి ఆ కాస్తెల్నో ఎక్కితిమి. 1985 మొదలు అందు యుద్ధసామగ్రి ప్రదర్శనశాల నడచుచున్నది. పూర్వము బండలు విసరిన యంత్రములను మాదిరిచూచి మరల నిర్మించి నిలిపిరి. నాకు వానికంటె ఆ గదులే ఆలోచన కలిగించినవి. గోడలు మిక్కిలి దళసరి. బాణములు వేయుటకు విడిచిన సందులే కిటికీలు. అందు వెలుతురేది? బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండుటకు చోటేది?

ఈ మాట నాకంటె ముందే ఒక ఇల్లాలు అడిగినది. ఈ కోటదొర ఫ్రాంసువా ద కోమోం భార్య క్లోద్ ద కార్దయాక్ ఈ చీకటికోటలో కాపురము చేయుటకు ఇష్టపడక, వేరొక యిల్లు కావలెనని కోరినదట. ఆమెకై 1489వ సంవత్సరమున దొర దిగువను మిలాంద్ భవనమును కట్టించెను. మేము చెట్లనీడను ఆ పల్లెబాట పట్టి పోయితిమి. పెద్దపెద్ద కిటికీలు, వెలుతురు, తోట. యుద్ధమునకు గాక మనుష్యులు నివసించుటకు కట్టినదని చూచినంతనే తెలియును.

ఆ యింటికథ అంతటితో ముగియలేదు. 1906వ సంవత్సరమున అమెరికాలో బీదల యింట పుట్టిన నల్లజాతి స్త్రీ జోసెఫీన్ బేకర్ 1925లో పారిసు చేరి, నాట్యముచేతను గానముచేతను ఖ్యాతిగాంచెను. రెండవ ప్రపంచయుద్ధమున ఫ్రాంసు పక్షమున రహస్యముగ పనిచేసి పతకములు పొందెను. మొదట అద్దెకుండిన ఈ భవనమును 1947లో కొనెను. జాతిమతములు వేరైనను మనుష్యులు అన్నదమ్ములవలె బ్రతుకవచ్చునని లోకమునకు చూపుటకై, వేర్వేరు దేశముల బిడ్డలను పండ్రెండుగురను పెంచుకొనెను. కాని ఖర్చు రాబడిని మించినది; అప్పులు పెరిగినవి. 1968లో ఇల్లు అమ్ముడుపోయెను. 1969లో ఆమెను వెలుపలికి పంపివేసిరి. వంటయింటి మెట్లపై దుప్పటి కప్పుకొని కూర్చుండిన ఆమె ఛాయాచిత్రము లోకమంతట ప్రకటింపబడినది. 1975లో ఆమె మరణించెను. 2021లో ఫ్రాంసువారు తమ మహనీయులకు నెలవైన పాంథెయోనునందు ఆమెకు స్థానమొసగిరి. ఆ గౌరవము పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమెయే.

ఆ కథ విని నేను తోటలో ఒక బల్లపై కూర్చుంటిని. మొదట నాకు జాలి కలిగెను. పిమ్మట భయము కలిగెను. ఆమె ప్రేమలో లోపములేదు. లెక్కలో లోపము కలదు. ఇంటి లెక్కల విషయమున నేనెంత తెలిసినదానను? నలుబదియేండ్లు ఆ యింట కాపురము చేసితిని; పన్ను ఎంతయో, బ్యాంకున నున్నదెంతయో మావారు పోవువరకు నేనెరుగను. ఇప్పుడు ఇంకొకరు వ్రాసిన కాగితముపై, చదువకయే, సంతకము చేయబోవుచుంటిని.

సంచినుండి పత్రము తీసి, అమ్మాయిచేత ప్రతిపంక్తి చదివించుకొంటిని. పిమ్మట మడిచి ఆమెచేతనే పెట్టితిని. "ఇప్పుడు చేయను తల్లీ. ఒక యేడాది ఆ యింట నేనొక్కతెను ఉండి చూచెదను. లెక్కలు నేనే వ్రాసికొందును. ఉండలేకపోతినా, నా చేతులతో నేనే అమ్మి వచ్చెదను."

ఆమె కన్నులలో నీరు నిండెను. "రాత్రివేళ నీకేమైన అయినచో ఎవరు చూతురమ్మా?" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద మంచిజవాబు లేదు. "పొరుగింటి వదినగారున్నారు" అంటిని. అది చాలదని ఇద్దరమును ఎరుగుదుము.

తిరిగి నదియొడ్డునకు నడచుచుండగ చాలసేపు ఆమె మాటలాడలేదు. పిదప మెల్లగ, "మేడమీది గది, గోదావరి కనబడునది, అద్దెకీయకుము. వేసవికి నేను వచ్చెదను" అనెను.

రాజమహేంద్రవరము వచ్చి నాలుగుమాసములైనది. పద్దులపుస్తకము నా తలదిండుక్రిందనే యున్నది. మేడమీది గది తుడిపించి యుంచితిని.