కోపెన్‌హాగెన్‌లో బూడిదరంగు గది

ఇంటి గోడలు తెల్లగా ఉండాలని బుద్ధెరిగినప్పటినుంచీ నమ్మినవాణ్ణి నేను. సంక్రాంతి ముందు సున్నం నానబెట్టి, చిటికెడు నీలిమందు కలిపి వెల్ల వేయిస్తేనే మా ఇంటికి పండుగ వచ్చినట్టు. అటువంటి వాళ్ళం, డిసెంబరు నెలలో కోపెన్‌హాగెన్‌లో అమ్మాయి కొత్తగా కొనుక్కున్న ఇంట్లో అడుగుపెట్టాం. ముందుగది నాలుగు గోడలూ వానమబ్బులా ముదురు బూడిదరంగు!

"పొయ్యిలో బూడిద తెచ్చి పూశారటే?" అన్నది మా ఆవిడ, చెప్పులైనా విడవకుండానే. అమ్మాయి ముఖం చిన్నబోయింది. రెండు రోజులు తల్లీ కూతుళ్ళకు మాటలు లేవు. మూడోనాడు, "రేపు తెల్లరంగు డబ్బాలు తెస్తాలే" అన్నది అమ్మాయి, ఎటో చూస్తూ.

ఇంట్లో ఉండలేక అల్లుడితో ఊరు చూడబోయాను. క్రిస్టియన్స్‌హవెన్ అని కాలువల పేట. అక్కడ స్ట్రాండ్‌గేడ్ వీధిలో 30వ నంబరు ఇల్లు చూపించాడతను. విల్‌హెల్మ్ హామర్‌షోయ్ అనే చిత్రకారుడు 1898 నుంచి 1909 దాకా భార్య ఈడాతో అందులో కాపురమున్నాడు. బయటి ప్రపంచం అక్కరలేనట్టు, ఆ గదులనే మళ్ళీ మళ్ళీ చిత్రించాడు. ఊరికి ఉత్తరాన ఆర్డ్రప్‌గార్డ్ మ్యూజియంలో అతను 1900లో వేసిన బొమ్మ ఒకటి చూశాను. గదిలో మనిషి లేడు, కుర్చీ అయినా లేదు. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతున్నది. అందులో ధూళి తేలుతున్నది. అంతే! కదలబుద్ధి కాలేదు సుమండీ. అతని బూడిదరంగు మా అమ్మాయి గోడలంత ముదురు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇక్కడ ఈ నెలలో సూర్యుడు 8-30కి గాని రాడు, 3-40కల్లా వెళ్ళిపోతాడు మామయ్యగారూ. ఆ కాస్త వెలుతురుకి తెల్లగోడలు మాసినట్టుంటాయి. ముదురుగోడల ముందు దీపం పెడితే ఆ వెలుగే నిండుగా కనబడుతుంది" అన్నాడు అల్లుడు. కూలికి మనుషుల్ని పెట్టలేదుట. గోడ గతుకులు పూడ్చి, ఒక అడుగుపూతా, పైన మెరుపులేని రంగు రెండు పూతలూ ఇద్దరే వేసుకున్నారుట. మెరిసే రంగయితే ప్రతి గతుకూ బయటపడుతుందిట. పైకప్పూ, తలుపులూ తెల్లగా ఉంచారు కనకనే గది గుహలా లేదని నాకప్పుడు తట్టింది. ఇంతా విన్న తరువాత, ఆ డబ్బాల మాట తలచుకుంటే మనసు చివుక్కుమన్నది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. మా ఆవిడ పెట్టెలోంచి ఇత్తడి కుందె తీసి, ఆ గదిలో మూల బల్లమీద దీపం వెలిగించింది. గోడ వెనక్కి తగ్గింది. కుందె బంగారంలా నిలిచింది. అమ్మాయి వంటగదిలోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"డబ్బాలు తేవద్దులే" అన్నది మా ఆవిడ, వత్తి ఎగదోస్తూ. కాసేపటికి, ఆ తెల్లటి గుమ్మానికి పసుపు రాసుకోవచ్చునేమో అల్లుణ్ణి కనుక్కోమని అమ్మాయిని పంపింది. పాపం, అతను తెల్లబోయాడు.